మంగళవారం ఆరని నేల

దయ్యాల కథలు చెప్పడం నాకు అలవాటు. నమ్మడం అలవాటు లేదు. హోటల్లో వంట చేసేవాడు ఇంటికొచ్చి పెరుగన్నం తిన్నట్టు, ఇలాంటివి పదిమందికీ వండి వడ్డించే నేను ఒక్కటి కూడా నోట పెట్టుకునేవాణ్ణి కాదు. చిక్కడపల్లిలో మా ప్రెస్సు వెనక సందులో తెల్లచీర కట్టుకున్న ఒకావిడ నిలబడి టైమెంతయిందని అడుగుతుందని పుట్టించింది నేనే. ఆర్నెల్లు తిరిగేసరికి ఆ కథ కవాడిగూడ దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. ఈలోగా ఆవిడకి ఒక పేరు వచ్చింది, ఒక గయ్యాళి అత్తగారు వచ్చింది, ఎడమకాలి మట్టె పోయింది. చెప్పినాయన తన కళ్ళతో చూశానని పిల్లల మీద ఒట్టేశాడు. నేను భయపడ్డట్టు మొహం పెట్టాను.

కాబట్టి ఇప్పుడు చెప్పేదాంట్లో ఉప్పూ కారం వెయ్యడం లేదు. ఏ రోజు, ఏ గది, ఎన్ని గంటలకి, అన్నీ అప్పట్లో కాగితాల మీద రాసిపెట్టుకున్నాను. ఆ కాగితాలు ముందు పెట్టుకునే రాస్తున్నాను.

2011లో మేము అశోక్‌నగర్‌లో ఒక ఇంటి పై పోర్షన్‌లో కిరాయికి దిగాం. మేమంటే నేనూ, మా ఆవిడ విజయా. పిల్లలు లేరు. నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి, డ్యూటీ మధ్యాహ్నం రెండింటికి మొదలు. విజయది ప్రభుత్వ ఉద్యోగం. పల్లెల్లో పనిచేసే నర్సులకి కాన్పుల గురించి శిక్షణ ఇస్తుంది. ప్రతి మంగళవారం పొద్దున్న ఆరుంబావుకి బ్యాగు భుజాన వేసుకుని బయల్దేరేది, ఉప్పల్‌లో హన్మకొండ బస్సెక్కేది, గురువారం సాయంత్రం ఇంటికొచ్చేది.

ఇల్లు పాతది. ముందు హాలు, వెనక పడకగది, పక్కన వంటిల్లు. నేలంతా షాబాద్ బండలు. కింద ఇంటావిడ సత్తెమ్మ గారు ఉండేవారు, డెబ్బై ఏళ్ళు, చూపు చురుకు, నోరు అంతకన్నా చురుకు. అటూ ఇటూ గ్రూప్స్ చదువుకునే పిల్లల హాస్టళ్ళు. ఎదురుగా ఒక పాత ఇంటిని పడగొట్టి అపార్ట్‌మెంట్ కడుతున్నారు. ఆ దుమ్మంతా నేరుగా మా హాల్లోకి వచ్చి కూర్చునేది.

విజయకి చిన్నప్పటి నుంచీ ఆయాసం ఉంది. ఏడాదికోసారి చలికాలంలో వచ్చి పోయేది. ఆ ఏడు మాత్రం వచ్చి పోలేదు. రెండు నెలల్లో రెండుసార్లు ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. రెండోసారి ఇంటికి పంపేటప్పుడు హిమాయత్‌నగర్ డాక్టరు గారు నావైపు తిరిగి, మందులు నేనిస్తాను, దుమ్ము సంగతి మీరు చూడండి అన్నారు. మూడోసారి అడ్మిట్ అయితే టూర్లు తిరగడానికి వీల్లేదని తానే సర్టిఫికెట్ రాసిస్తానని కూడా అన్నారు.

ఆటో నారాయణగూడ ఫ్లైఓవర్ దిగుతుంటే విజయ నోరు విప్పింది. ఆఫీసులో కుర్చీకి అతుక్కుని కూర్చోవడానికా నేను ఉద్యోగంలో చేరింది అంది. పల్లె నర్సుల ముందు నిలబడి మాట్లాడుతున్నంతసేపూ తనకి ఆయాసమే గుర్తుండదని నాకెప్పుడూ చెప్పేది. ఆ మనిషి నోటి ముందు నుంచి ఆ పని లాగేస్తే ఏం మిగులుతుందో ఊహించుకోవడం నాకు ఇష్టం లేదు.

ఆ రోజే గట్టిగా అనుకున్నాను. ఈ ఇంట్లో ఇక నుంచి దుమ్మో, నేనో.

నలభై ఏడేళ్ళ వయసులో నేను మొదటిసారి తడిగుడ్డ చేత పట్టుకున్నాను. అంతవరకూ ఇంట్లో దుమ్ముకి సగం కారణం నేనే. పాత ప్రూఫులు, పేపర్లు, ఎవరో చదవమని ఇచ్చి మర్చిపోయిన పుస్తకాలు మంచం కింద దాకా ఉండేవి. వాటిని మూడు రిక్షాలకి ఎత్తించాను. కిటికీలకున్న బరువైన తెరలు తీసేసి విజయ పాత నూలు చీరలు కట్టాను, వారం వారం ఉతుక్కోవచ్చని. పొరకని గోడ వెనక్కి నెట్టేశాను. ఊడిస్తే దుమ్ము పోదు, లేచి గంటసేపు గాల్లో తిరిగి మళ్ళీ అక్కడే కూర్చుంటుందని డాక్టరు గారు చెప్పారు. అంతా తడిగుడ్డే. పైనుంచి కిందకి. ముందు అలమర పైభాగం, తర్వాత అరలు, తర్వాత కిటికీ చువ్వలు, ఆఖరుకి నేల. పాత దిండు గలీబుని ఫ్యాను రెక్కకి తొడిగి లాగితే దుమ్మంతా గలీబులోనే ఉండిపోతుందని కనిపెట్టినప్పుడు నాకు కలిగిన గర్వం ఇంకే పనిలోనూ కలగలేదు.

నేలకి రెండు బకెట్లు. ఒకదాంట్లో గుడ్డ ముంచి తుడవడం, రెండోదాంట్లో జాడించడం. కర్రకి కట్టిన పోచాతో పని జరగదు, అది దుమ్ముని మూల నుంచి మూలకి తీసుకెళ్ళి చూపిస్తుందంతే. గొంతుక్కూర్చుని చేత్తో తుడవాలి. తలకి తువ్వాలు చుట్టుకుని బాల్కనీ తుడుస్తుంటే పక్క హాస్టల్ పిల్లలు, అంకుల్, మా రూముకి ఎప్పుడొస్తరు అని అడిగేవాళ్ళు. ముందు మీ సిలబస్ తుడవడం పూర్తి చెయ్యండి, తర్వాత వస్త అనేవాణ్ణి.

ఇక్కడొక చిక్కుంది. దుమ్ము లేపే పెద్ద పనులు విజయ ఇంట్లో ఉండగా చెయ్యకూడదు. ఫినాయిలు వాసన కూడా తనకి పడదు. అంటే తను లేని రోజులే నాకు పనికొచ్చే రోజులు. మంగళవారం తను గడప దాటగానే మొదలుపెడితే గురువారం సాయంత్రానికి ఇల్లు అద్దంలా ఉంటుంది. లెక్క సరిగ్గా సరిపోయింది.

సత్తెమ్మ గారి లెక్కలో మాత్రం సరిపోలేదు. మొదటి మంగళవారం నేను మురికినీళ్ళ బకెట్టు దింపుతుంటే మెట్ల దగ్గర ఆపేశారు. మంగళవారం బూజు దులపడం ఒక తప్పట. దాని మీద ఆవిడకి పెద్దగా పట్టింపు లేదు. రెండో తప్పే అసలుది.

"మనిషి ఊరికి పోంగనే ఇల్లు కడుగుతరా బిడ్డా? గట్ల కడిగేది ఎప్పుడో నీకు ఎర్క లేదా? ఆమె చేరినంక కడుగు."

ఎరుక లేకేం. శవం లేచాక ఇల్లు కడుగుతారు. అందుకే ఊరికి వెళ్ళిన మనిషి వెనకాల ఎవరూ నీళ్ళ బకెట్టు ముట్టుకోరు. మా అమ్మ కూడా ముట్టుకునేది కాదు. కానీ విజయ చేరేసరికి పది దాటుతుంది. అప్పుడు మొదలుపెడితే నేను డ్యూటీకి వెళ్ళేలోపు పరుపు డాబా మీద ఎండేదెప్పుడు, ఫ్యాన్లు తుడిచేదెప్పుడు? నేను కడుగుతలేను పెద్దమ్మా, ఉత్తగ తుడుస్తున్న అన్నాను. ఆవిడ, నీ మాటలు ప్రెస్సుల చెప్పుకో అని లోపలికి వెళ్ళిపోయారు.

మామూలు రోజుల్లో ఫ్యాను వేస్తే హాలు పావుగంటలో ఆరిపోయేది. నేను బాల్కనీలో నిలబడి టీ తాగి వచ్చేసరికి నడవొచ్చు. ఆ మంగళవారం ఎనిమిదిన్నరకి తుడవడం అయిపోయింది. టీ అయింది, పేపరు అయింది, పేపర్లో తప్పులు దిద్దడం కూడా అయింది. హాలు ఆరలేదు. పడకగది ఆరింది, వంటిల్లు ఆరింది. హాలు మాత్రం ఇప్పుడే గుడ్డ తీసినట్టు నిగనిగలాడుతోంది. పొడిగుడ్డతో తుడిచాను. గుడ్డ తడిసింది, బండ అలాగే ఉంది. పది దాటాక విజయ ఫోన్ చేసి, చేరానండీ అంది. ఫోన్ పెట్టి వెనక్కి తిరిగితే హాలు ఆరిపోయి ఉంది. నేనేమీ అనుకోలేదు. ఆరాల్సిన టైముకి ఆరింది అనుకున్నాను.

రెండో మంగళవారం అంతే. మూడో మంగళవారం దారిలో బస్సు టైరు పంక్చరైంది. ఆ రోజు హాలు పదకొండు ఇరవై దాకా తడిగా ఉంది. విజయ ఫోన్ మాత్రం పదకొండూ ముప్పావుకి వచ్చింది, సెల్లులో చార్జింగు లేక ఆఫీసు ఫోన్ నుంచి చేశానంది. మాటల్లో మాటగా ఎన్నింటికి దిగావని అడిగాను. పదకొండు ఇరవైకి అంది.

ప్రూఫులు దిద్దేవాడికి ఒక జబ్బు ఉంటుంది. ఒక తప్పు ఒకసారి కనిపిస్తే ఊరుకుంటాడు, మూడుసార్లు కనిపిస్తే మొదటి పేజీ నుంచీ మళ్ళీ చదువుతాడు. అప్పటి నుంచి పాత ప్రూఫు కాగితాల వెనక రాయడం మొదలుపెట్టాను. బయల్దేరిన టైము, తుడవడం అయిన టైము, హాలు ఆరిన టైము.

నీళ్ళు తగ్గించి చూశాను. ఫినాయిలు మానేసి చూశాను. గుడ్డ మార్చాను. కింద సత్తెమ్మ గారి గది కప్పు చూశాను, ఎక్కడా చెమ్మ లేదు. ప్లంబర్ని పిలిస్తే హాలు కింద పైపే లేదన్నాడు. వానాకాలంలో షాబాద్ బండలు చెమర్చడం నేనూ చూశాను. కానీ ఇది శివరాత్రి దాటి, ఎండలు ముదురుతున్న కాలం. బుధవారం అదే బకెట్టు, అదే గుడ్డ, అదే ఫ్యాను, పావుగంటలో ఆరేది. ఆదివారం విజయ కూరగాయలకి నారాయణగూడ మార్కెట్టుకి వెళ్ళినప్పుడు తుడిచాను, పావుగంటే. ఊరు దాటి వెళ్ళిన రోజే ఆరేది కాదు. అదీ హాలు మాత్రమే, ఆవిడ నడిచి బయటికి వెళ్ళిన హాలు.

ఒక మంగళవారం అసలు తుడవలేదు. ఏమీ జరగలేదు. పొడి నేల పొడిగానే ఉంది. గురువారం విజయ వచ్చి, రాత్రంతా దగ్గింది. ఇక ఆ ప్రయోగం మళ్ళీ చెయ్యలేదు. బండల్లో ఏముందో నాకు తెలియదు, ఉంటే ఉండనీ. నా పోట్లాట దుమ్ముతో. తడవాల్సినంతసేపు తడిసి ఉండు, నేను తుడవడం మానను అని హాలుకి చెప్పాను. గట్టిగానే చెప్పాను. కింద నుంచి సత్తెమ్మ గారు, ఎవరొచ్చిండ్రు అని అడిగారు.

ఆ ఇంట్లో ఇంతకుముందు ఏమైనా జరిగిందా అని ఆవిణ్ణి తిప్పి తిప్పి అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు.

"పైన ఎవ్వలు సావలే బిడ్డా. గ్రూప్స్ చదివే పిలగాండ్లు ఉండిరి. పాసైనోళ్ళు కొలువులకు పోయిండ్రు, కానోళ్ళు ఊర్లకు పోయిండ్రు. ఎవరిమీదనో కత అల్లుతున్నవా ఏంది?"

విజయకి చెప్పలేదు. జీవితంలో మొదటిసారి ఒక నిజం చేతిలో పెట్టుకుని నోరు మూసుకున్నాను. చెబితే నవ్వుతుంది. నవ్వితే దగ్గొస్తుంది.

ఇల్లు మాత్రం మారింది. మార్చి నెల మొత్తంలో విజయ రాత్రి లేచి కూర్చున్నది రెండుసార్లే. ఏప్రిల్ మొదట్లో డాక్టరు గారు ఛాతీ మీద గొట్టం పెట్టి విని, ఎవరు తుడుస్తున్నారు ఇల్లు అని అడిగారు. నేను చెయ్యెత్తాను, బళ్ళో పిల్లాడిలా.

ఏప్రిల్ నడుమ ఒక మంగళవారం. ఆరుంబావుకి విజయ బయల్దేరింది. ఎనిమిదిన్నరకి హాలు తుడవడం అయింది. పదీ అయిదుకి ఫోన్ మోగింది.

"చేరానండీ. క్లాసుంది, పెట్టేస్తున్నా."

నేను తిరిగి చూశాను. హాలు తడిగా ఉంది.

నిజం చెప్పాలంటే కాస్త చప్పబడ్డాను. రెండు నెలలు కష్టపడి రాసిన కథకి ఆఖరి పేజీ దొరకనట్టయింది. సరే, ఏదో చెమ్మ, ఇన్నాళ్ళూ కాకతాళీయం అనుకుని చొక్కా వేసుకుని కూరగాయల సంచీ తీసుకున్నాను. హాలు దాటి గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ వెనక్కి చూస్తే నా పాదాల ముద్రలు ఒక్కొక్కటే మెల్లగా నిండుకుంటున్నాయి. పొడిబారడం కాదు. ముద్రలోకి తడి వచ్చి చేరుతోంది. నేను సంచీ కింద పెట్టేశాను.

పదిన్నర. పదకొండు. ఫ్యాను అయిదు మీద తిరుగుతోంది, తలుపు తీసి ఉంది, బయట ఎండకి కళ్ళు తెరవలేం. హాలు అలాగే ఉంది. నేను స్టూలు మీద కూర్చుని ఒకటే ప్రశ్న వేసుకున్నాను. ఇరవయ్యొక్కేళ్ళుగా కాపురం చేస్తున్న మనిషి మాట నమ్మాలా, బండని నమ్మాలా?

ఆవిడకి అబద్ధం చెప్పే అలవాటు లేదు. మా ఇంట్లో ఆ శాఖ నాది. కానీ మూడోసారి ఆసుపత్రిలో చేరితే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. సోమవారం రాత్రి మెట్లెక్కి వచ్చి, నీళ్ళు తాగే నెపంతో వంటింట్లో ఎక్కువసేపు నిలబడిన సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది.

పదకొండూ ఇరవైకి హన్మకొండ శిక్షణ కేంద్రంలో ఆవిడతో పనిచేసే సరోజ గారికి ఫోన్ చేశాను. నంబరు అవసరానికి ఉంటుందని క్యాలెండరు మీద రాసి ఉంది. ఏం అడగాలో తెలియక, మేడం క్లాసులో ఉన్నారా అన్నాను.

"మేడం ఇంక రాలే సార్. మీకే ఫోన్ చేద్దామనుకుంటున్నం. నర్సులంత వచ్చి కూసున్నరు."

విజయ ఫోను రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి ఎత్తింది. మాట లేదు. ఈల వేస్తున్నట్టు సన్నని శబ్దం, దాని మధ్యలో ముక్కలుగా, జనగామ, బస్టాండు. పక్కన ఎవరుంటే వాళ్ళ చేతికి ఫోనివ్వమన్నాను. ఎవరో ఒక ఆడమనిషి గొంతు.

"అన్నా, ఈ అక్కకు దమ్ము మస్తుగ వస్తున్నది. పెదవులు నల్లవడుతున్నయి. ఏం చెయ్యాలె?"

ఆటో ఎక్కించమ్మా, దగ్గర ఉన్న ఆసుపత్రికి తీసుకపో, ఆయాసం పేషెంటు, మాస్కు పెట్టాలె అని చెప్పు అన్నాను. ఆవిడ పేరు అడగలేదు. నేను తలుపు తీసి పెట్టే మెట్లు దిగి పరుగెత్తాను. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర ఆటో, ఉప్పల్లో బస్సు. బస్సెక్కాక, పన్నెండుంబావు అప్పుడు, విజయ ఫోన్ నుంచి అదే గొంతు మళ్ళీ. మాస్కు పెట్టిండ్రన్నా, జర నిమ్మళంగనే ఉంది అంది. ఆ అమ్మాయి మాట వినగానే నేను బస్సులో అందరి ముందూ ఏడ్చాను. ఇది కాగితంలో లేదు, కానీ నిజమే.

తర్వాత తలుపు సంగతి గుర్తొచ్చి సత్తెమ్మ గారికి ఫోన్ చేశాను. పైకెళ్ళి తాళం వెయ్యమని, హాలు తడిగా ఉంది, జారతారు జాగ్రత్త అని చెప్పాను. పది నిమిషాల్లో ఆవిడే చేశారు.

"తడి యాడుంది బిడ్డా? బండలు పెనమోలె కాలుతున్నయి. పెండ్లాం ఎట్లుంది?"

నేను జనగామ చేరేసరికి రెండున్నర. జరిగింది ఇది. బస్సులో ఎవరో ఎండుమిరపకాయల బస్తాలు వేశారు. ఊపిరి పట్టేస్తే విజయ జనగామలో దిగిపోయింది. ఇన్‌హేలర్ నొక్కితే ఖాళీ. కొత్తది ఇంట్లో ఇంకో బ్యాగులో ఉంది. కాసేపు కూర్చుంటే సర్దుకుంటుంది, నాకు తెలిస్తే డాక్టరు దాకా పోతుందని బెంచీ మీద కూర్చుని నాకు, చేరానండీ అని ఫోన్ చేసింది. ఇంకో గంట అలాగే కూర్చుని ఉంటే మనం ఇలా మాట్లాడుకునేవాళ్ళం కాదని అక్కడి డాక్టరమ్మ నాతో విడిగా అన్నారు.

సాయంత్రానికి మాట వచ్చాక విజయ అడిగిన మొదటి ప్రశ్న, మీకెలా తెలిసింది అని. నేను చెప్పాను. మొదటి మంగళవారం నుంచి, ఒక్క అక్షరం కలపకుండా.

"ఇలాంటప్పుడు కూడా కథలేనా అండీ?"

గోడవైపు తిరిగి పడుకుంది. వేల అబద్ధాలు చెప్పి నమ్మించిన నోరు ఒక్క నిజం దగ్గర చచ్చుబడిపోయింది. కొంతసేపటికి తనే, ఫోన్లో బస్టాండు మైకు వినిపించి ఉంటుంది మీకు అంది. నాకు ఏ మైకూ వినిపించలేదు.

హిమాయత్‌నగర్ డాక్టరు గారు సర్టిఫికెట్ పుస్తకం తీశారు, మళ్ళీ మూశారు. టూర్లతో వచ్చిన ముప్పు కాదమ్మా ఇది, దాచిపెట్టడంతో వచ్చిన ముప్పు అన్నారు. ఊపిరి ఆడకపోతే ఆడడం లేదని చెప్పే మనిషివైతే వెళ్ళు, చెప్పకుండా ఉండే మనిషివైతే ఇంట్లో కూర్చో, ఏ మనిషివో రెండు నెలల్లో తేలుస్తా అన్నారు. విజయ తల వంచుకుంది. చెబుతానంది. ఆవిడ చెప్పదని నాకు తెలుసు. ఆవిడకీ తెలుసు.

రెండు వారాలు సెలవులో ఉంది. ఒకరోజు నేను ప్రెస్సు నుంచి వచ్చేసరికి మంచం మీద నా ప్రూఫు కాగితాలు పరిచి ఉన్నాయి. వాటి పక్కన ఆవిడ ఆఫీసు టూర్ డైరీ. ఏ రోజు ఎన్నింటికి చేరిందీ ఆ డైరీలో ఆవిడ చేత్తోనే రాసుకోవాలి, అది ఎప్పుడూ ఆఫీసు బ్యాగులోనే ఉండేది, నేనెన్నడూ తెరవలేదు. పెన్సిలు ఒకటి మధ్యలో పడి ఉంది. నేను తుడిచిన ప్రతి మంగళవారం ఎదురుగా సన్నగా ఒక టిక్కు. జనగామ మంగళవారం దగ్గర టిక్కు లేదు, చిన్న చుక్క ఉంది. కాగితాలు మడిచి నా చేతికిచ్చి అన్నం వడ్డించింది.

ఆ తర్వాతి మంగళవారం మళ్ళీ బయల్దేరింది. రెండు ఇన్‌హేలర్లు నేనే నొక్కి చూసి బ్యాగులో పెట్టాను. తను మెట్లు దిగగానే బకెట్లు నింపాను. భయం వెయ్యలేదంటే అబద్ధం, కానీ ఎదుటి అపార్ట్‌మెంట్ వాళ్ళు ఆ వారమే గోడలు గీకుతున్నారు. పరుపు డాబా ఎక్కించి, ఫ్యాన్లు తుడిచి, ఎనిమిదిన్నరకి హాలు పూర్తి చేశాను. స్టూలు వేసుకుని కూర్చున్నాను.

ఎనిమిదీ నలభై అయిదుకి హాలు ఆరిపోయింది.

అన్ని రోజుల్లాగే. మూలల నుంచి మొదలై నడుమకి, మామూలు నేల ఆరినట్టు ఆరింది. నేను వంగి చేత్తో తడిమి చూశాను. వెచ్చగా, పొడిగా, ఏమీ చెప్పకుండా ఉంది.

పదింటికి ఫోన్ మోగింది. విజయే. హలో లేదు, చేరాననీ లేదు.

"ఆరిందా?"

నోరు దాని పని అది చేసింది. ఇంక ఆరలే, యాడున్నవ్ అన్నాను.

అటువైపు బస్సు ఇంజను చప్పుడు వినిపించింది.

"చేరాననే చెబుదామనుకున్నానండీ. ఆలేరులో ఉన్నా. బస్సు లేటు, ఇప్పుడే ఇక్కడ ఆగింది. ఛాతీ కాస్త పట్టేసింది, రెండు పఫ్‌లు తీసుకున్నా. తగ్గుతోంది. తగ్గకపోతే ఇక్కడే దిగి ఆసుపత్రికి వెళ్తా. మీకు చెప్పకుండా కదలను."

సరే, నేను చూస్తుంటాను అన్నాను. ఏం చూస్తానన్నానో నాకే తెలియదు. పదకొండున్నరకి ఆవిడ మళ్ళీ చేసి మళ్ళీ అదే అడిగింది. గొంతు విన్నాను. వాక్యం తెగకుండా వచ్చింది. ఇప్పుడే ఆరింది అన్నాను. అయితే చేరినట్టే అంది, నవ్వింది, దగ్గు రాలేదు.

2014లో ఆవిడకి సిటీలోనే శిక్షణ కేంద్రంలో పని దొరికేదాకా, రెండేళ్ళకి పైగా, ప్రతి మంగళవారం ఇదే సంగతి. ఎక్కడ ఉన్నా, ఎలా ఉన్నా, ఊపిరి ఎంత ఆడుతోందో దాచకుండా చెప్పేది. ఇంకో మూడుసార్లు మధ్యలో దిగింది, మూడుసార్లూ ముందు నాకు చెప్పే దిగింది. ఆసుపత్రిలో మళ్ళీ చేరాల్సిన అవసరం రాలేదు. హాలు ఆ రెండేళ్ళలో ఒక్క మంగళవారం కూడా పావుగంట దాటి తడిగా లేదు. ఆ మాట నేను ఆవిడకి ఇప్పటిదాకా చెప్పలేదు.

నేల రెండు నెలలు ఎందుకు ఆరలేదో నాకు తెలియదు. ఎవరు ఆరనివ్వలేదో తెలియదు. ఆవిడ తిరిగి బయల్దేరిన రోజు నుంచి ఎందుకు ఊరుకుందో అంతకన్నా తెలియదు. ప్లంబర్ని అడిగాను, బండలు పరిచే మేస్త్రీని అడిగాను, డాక్టరు గారిని కూడా అడిగాను. ఆయన నా బీపీ చూశారు.

ఈ పేజీ అచ్చయ్యాక విజయ చదువుతుంది. నేను రాసేవి చదవనంటుంది గానీ చదువుతుంది. చదివి, ఇన్ని మంగళవారాలు నాతో అబద్ధం చెప్పారా అని అడుగుతుంది. అవునంటే నమ్ముతుందో లేదో చూడాలి.